మంచం దిగాక కాళ్లు మాట వినవెందుకు?

క్లుప్తంగా: ఎక్కువ రోజులు మంచంలో ఉన్నవాళ్లకు జబ్బు తగ్గాక కూడా మిగిలే నీరసంలో చాలా భాగం ఆ మంచం తెచ్చిపెట్టిందే. ఇంకా పడుకుంటే అది తగ్గదు, కాళ్ల మీద బరువు పడితేనే తగ్గుతుంది. ఎప్పుడు మొదలుపెట్టాలి, ఎంతెంత పెంచాలి అన్నది మాత్రం జబ్బును బట్టి మారుతుంది.

చెన్నై గ్రీమ్స్ రోడ్డు సందుల్లోని లాడ్జిల్లో పొద్దున్నే కనిపించే దృశ్యం ఇది. నెల్లూరు నుంచో, తిరుపతి నుంచో, ఒంగోలు నుంచో ఆపరేషన్‌కి వచ్చి, డిశ్చార్జి అయ్యాక వారానికి చెకప్ ఉందని గది ఖాళీ చేయకుండా ఆగిపోయిన పెద్దాయన. ఒక చెయ్యి గోడ మీద, ఒక చెయ్యి కొడుకు భుజం మీద. లిఫ్టు దాకా పది అడుగులు వేసి, అక్కడున్న ప్లాస్టిక్ కుర్చీలో కూలబడతారు. కుట్లు మానాయి, జ్వరం లేదు, రిపోర్టులన్నీ నార్మల్. మరి ఈ నీరసం ఏమిటని ఇంట్లోవాళ్లకు టెన్షన్. ఊరి నుంచి ఫోన్ చేసిన ప్రతివాళ్లూ చెప్పేది ఒకటే: "ఇంకో పది రోజులు కదలకుండా రెస్ట్ తీసుకోమనండి, అదే సర్దుకుంటుంది."

సర్దుకోదు. చాలామంది విషయంలో ఆ పది రోజులు ఇంకో నెల నష్టాన్ని తెచ్చిపెడతాయి.

ఒక మాట, మూడు అర్థాలు

గందరగోళం డిశ్చార్జి కాగితం దగ్గరే మొదలవుతుంది. అందులో "రెస్ట్" అని ఉంటుంది. అదే వార్డులో ఫిజియో వచ్చి "రోజుకు నాలుగుసార్లు నడవండి" అని చెప్పి వెళతారు. ఇద్దరిలో ఎవరి మాట వినాలి?

నిజానికి ఇద్దరూ చెప్పేది ఒకటే కావచ్చు. డాక్టర్లు రెస్ట్ అన్నప్పుడు కనీసం మూడు అర్థాలుంటాయి. కాలు విరిగి ప్లేటు వేశారనుకోండి, ఆ కాలి మీద బరువు మోపొద్దని దాని అర్థం. రెండో కాలు, చేతులు, నడుము పనిచేయాల్సిందే, వాకర్ పట్టుకుని లేవాల్సిందే. గుండె బైపాస్ అయినవాళ్లకైతే బరువులు ఎత్తొద్దని, తోయొద్దని, లాగొద్దని. రొమ్ము ఎముక అతుక్కునే దాకా, అంటే సాధారణంగా 6 నుంచి 12 వారాల దాకా ఆ జాగ్రత్త ఉంటుంది, నడక మాత్రం మందులాగే రాసిచ్చినట్టు లెక్క. మూడోది, నిజంగానే పడుకుని ఉండాల్సిన పరిస్థితి. వెన్నుపూస విరిగి ఇంకా స్థిరపడకపోవడం లాంటివి, ఇవి తక్కువ. ఇంటికొచ్చేసరికి ఈ మూడూ కలిసి "మంచం దిగకూడదట" అన్న ఒక్క మాటగా మారిపోతాయి. డిశ్చార్జి రోజు అడగాల్సిన ప్రశ్న కాబట్టి సూటిగా ఉండాలి: ఏది చేయకూడదు, ఏది తప్పకుండా చేయాలి?

పడుకోబెట్టడమే వైద్యం అనుకోవడం మన ఇళ్లలో మాత్రమే ఉన్న అలవాటు కాదు. 1950ల దాకా గుండెపోటు వచ్చినవాళ్లను నాలుగు నుంచి ఆరు వారాలు మంచానికే పరిమితం చేయడం పెద్ద పెద్ద ఆసుపత్రుల్లో కూడా మామూలే. 1947లో రిచర్డ్ ఆషర్ అనే బ్రిటిష్ వైద్యుడు మంచం వల్ల వచ్చే ప్రమాదాలను ఒక్కొక్క అవయవం వారీగా ఏకరువు పెట్టి, మెడికల్ జర్నల్‌లో వ్యాసం రాశారు. 1952లో బోస్టన్‌కు చెందిన శామ్యూల్ లెవైన్, బెర్నార్డ్ లౌన్ గుండెపోటు రోగులను తొలిరోజుల్లోనే వాలుకుర్చీలో కూర్చోబెట్టి ఫలితాలు ప్రకటించారు. అప్పట్లో అది దుస్సాహసంలాగే కనిపించింది. 1999లో పాత పరీక్షలన్నీ ఒకచోట చేర్చి చూశారు. 15 రకాల సమస్యల మీద జరిగిన 39 ట్రయల్స్. బెడ్ రెస్ట్ వల్ల చెప్పుకోదగ్గ మేలు జరిగిందని ఒక్కదాంట్లోనూ తేలలేదు, కొన్నింట్లో ఫలితాలు ఇంకా దిగజారాయి.

ముందు పోయేది కాళ్లే

మంచాన ఉన్న మనిషి చేత్తో గ్లాసు పట్టుకుని కాఫీ తాగుతారు, ఫోన్‌లో గట్టిగానే మాట్లాడతారు. మనిషి బాగానే తేరుకున్నారనిపిస్తుంది. కాళ్ల సంగతి నిలబడ్డప్పుడే బయటపడుతుంది. దీనికి కారణం ఉంది. తొడ ముందు భాగం, పిరుదులు, పిక్కలు, నడుము వెంబడి ఉండే కండరాల పనే భూమ్యాకర్షణకు ఎదురు నిలబడటం. పడుకున్న క్షణం నుంచి వాటికి పని ఉండదు. చేతులకు మాత్రం దుప్పటి లాక్కోవడానికో, అన్నం తినడానికో ఎంతో కొంత పని దొరుకుతూనే ఉంటుంది.

కండరంలో రోజూ కొంత ప్రోటీన్ అరిగిపోతూ, కొంత కొత్తగా తయారవుతూ ఉంటుంది. కదలిక ఆగితే తయారీ మందగిస్తుంది. దానికి తోడు ఇన్‌ఫెక్షనో, పెద్ద ఆపరేషనో ఉంటే అరుగుదల కూడా పెరుగుతుంది. రెండు వైపుల నుంచీ దెబ్బే. సగటున 67 ఏళ్ల వయసున్న ఆరోగ్యవంతులను 10 రోజులు మంచంలో ఉంచి చూసిన ఒక అమెరికన్ అధ్యయనం 2007లో వెలువడింది. వాళ్ల కాళ్లలో దాదాపు కిలో కండ పోయింది. మోకాలు చాపే బలం సుమారు 16 శాతం తగ్గింది. వాళ్లకు ఏ జబ్బూ లేదన్నది ఇక్కడ మర్చిపోకూడదు. నిమోనియా వచ్చి, తిండి సహించక పడుకున్న 70 ఏళ్ల మనిషి పరిస్థితి ఇంతకంటే మెరుగ్గా ఉండే అవకాశం లేదు.

కండ తగ్గిన దానికంటే బలం ఎక్కువగా తగ్గడం కూడా మామూలే. కండరానికి మెదడు నుంచి, నరాల నుంచి అందే ఆదేశాలు కూడా మొద్దుబారతాయి. అందుకే కాలు చూడటానికి మరీ సన్నబడకపోయినా, లేవబోతే వణుకుతుంది.

గుండె, ఊపిరి సంగతి తేలింది 1966లో, అమెరికాలోని డల్లాస్‌లో. 20 ఏళ్ల ఆరోగ్యవంతులైన కుర్రాళ్లు ఐదుగురిని మూడు వారాలు పడుకోబెట్టారు. ఒళ్లు ఆక్సిజన్‌ను వాడుకోగల గరిష్ఠ సామర్థ్యం నాలుగో వంతుకు పైగా పడిపోయింది. 30 ఏళ్ల తర్వాత అదే ఐదుగురిని మళ్లీ పరీక్షించారు. ఆ 30 ఏళ్లలో పెరిగిన వయసు వాళ్ల సామర్థ్యంలోంచి తీసుకున్న దానికంటే, అప్పటి మూడు వారాల మంచం తీసుకున్నదే ఎక్కువని తేలింది. ఈ రంగంలో ఇంతకంటే గుర్తుండిపోయే లెక్క మరొకటి లేదు. అయితే ఆ కథలో రెండో సగం కూడా ఉంది: వ్యాయామంతో వాళ్లు పోగొట్టుకున్నది తిరిగి సంపాదించుకున్నారు.

అంతరిక్ష యాత్రికులకు జరిగేదీ దాదాపు ఇదే. అందుకే అంతరిక్ష సంస్థలు నేల మీద ప్రయోగాలకు వాలంటీర్లను తలవైపు ఆరు డిగ్రీలు వాల్చిన మంచాల మీద వారాల తరబడి పడుకోబెడతాయి. 2025 జూన్ 25న అంతరిక్షానికి బయల్దేరి జూలై 15న తిరిగొచ్చిన మన వ్యోమగామి శుభాంశు శుక్లా, వచ్చాక ఒకసారి ల్యాప్‌టాప్ మూసి, తేలుతూ ఉంటుందనుకుని మంచం పక్కన గాల్లో వదిలేశానని చెప్పారు. మళ్లీ నడవడానికి ఆయనకూ సాయం అవసరమైంది. అక్కడ ఆయన చేసిన ప్రయోగాల్లో ఒకటి బరువు లేనిచోట కండరం ఎలా దెబ్బతింటుందన్న దాని మీదే, దాన్ని రూపొందించింది బెంగళూరులోని ఇన్‌స్టెమ్ సంస్థ. ఎంతో శిక్షణ పొందిన ఫైటర్ పైలట్‌కే 20 రోజులకు అలా అయితే, మామూలు మనిషి కాళ్లు వణికితే అది భయపడాల్సిన వింత కాదు.

కళ్లు తిరగడం వెనక

పడుకున్నప్పుడు కాళ్లలో ఉండాల్సిన రక్తం కొంత ఛాతీ వైపు చేరుతుంది. రక్తం ఎక్కువైందని ఒళ్లు పొరబడి, మూత్రం ద్వారా నీటిని బయటికి పంపేస్తుంది. ఒకటి రెండు రోజుల్లోనే రక్తంలోని నీటి భాగం తగ్గిపోతుంది. తర్వాత ఎప్పుడో లేచి నిలబడతారు. నిలబడగానే అర లీటరుకు పైగా రక్తం కిందికి దిగుతుంది. మామూలుగా అయితే రక్తనాళాలు వెంటనే బిగుసుకుంటాయి, పిక్కల కండరాలు రక్తాన్ని పైకి నెడతాయి. మంచాన ఉన్న మనిషిలో ఈ రెండూ నెమ్మదించి ఉంటాయి. నిలబడ్డ మూడు నిమిషాల్లోపు పై బీపీ 20 కానీ, కింది బీపీ 10 కానీ పడిపోతే దాన్ని సమస్యగానే లెక్కిస్తారు.

ఇంట్లో ఏం జరుగుతుందంటే, కళ్లు తిరిగాయనగానే పడుకోబెట్టేస్తారు. పడుకుంటే ఇంకొంచెం నీరు పోతుంది, రేపు ఇంకొంచెం ఎక్కువ కళ్లు తిరుగుతాయి. ఈ వలయం తెగాలంటే లేవడాన్ని మెట్లు మెట్లుగా చేయాలి. తల ఎత్తుగా పెట్టి కాసేపు, మంచం అంచున కాళ్లు వేలాడేసి రెండు నిమిషాలు, పాదాలు పైకీ కిందికీ ఓ ఇరవైసార్లు ఆడించి, అప్పుడు నిలబడటం. పాత బీపీ మాత్రల సంగతి కూడా చూసుకోవాలి. ఆసుపత్రిలో ఆరేడు కిలోలు తగ్గిన మనిషికి పాత డోసు ఎక్కువైపోవచ్చు. అది డాక్టర్‌తో మాట్లాడి సరిచేయించుకోవాల్సిన విషయం, సొంతంగా మానేసేది కాదు.

ప్రేమతో చేసే పొరపాట్లు ఇంకో రెండున్నాయి. ఒకటి మోకాలి కింద దిండు. పెడితే హాయిగానే ఉంటుంది, కానీ రోజుల తరబడి అలా ఉంచితే మోకాలు వంగిన చోటే బిగుసుకుపోతుంది. తర్వాత పూర్తిగా చాపలేని కాలితో నడక ఎప్పటికీ కుంటుతున్నట్టే ఉంటుంది. రెండోది, ఒక పిక్క మాత్రమే వాచి నొప్పెడుతుంటే నూనె రాసి పిసకడం. అది లోపలి సిరలో రక్తం గడ్డకట్టడం వల్ల కావచ్చు. పిసికితే ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరే ప్రమాదం ఉంది. అలాంటి కాలిని ముట్టుకోకుండా వెంటనే డాక్టర్‌కు చూపించాలి.

నడక ఒక్కటే సరిపోదు

చాలా ఇళ్లలో కోలుకోవడాన్ని కొలిచేది హాల్లో వేసిన రౌండ్లతో. ఈ రోజు ఆరు, నిన్న నాలుగు. నడక మంచిదే, ఊపిరికీ గుండెకూ కావాల్సిందే. కానీ చదునైన నేల మీద నెమ్మదిగా నడిస్తే తొడ కండరం మీద పడే భారం తక్కువ. పోయిన బలం రావాలంటే కండరం తన శక్తికి దగ్గరగా పనిచేయాలి. ఆఖరి రెండు సార్లు కష్టంగా అనిపించాలి. బరువు అనగానే జిమ్, డంబెల్స్ గుర్తొస్తాయి, కానీ మంచం దిగిన మనిషికి సొంత ఒళ్లే కావాల్సినంత బరువు.

అందుకే ఫిజియోలు అన్నిటికంటే ఎక్కువగా చేయించేది కుర్చీలోంచి లేచి కూర్చోవడం. దీన్ని దగ్గరగా చూడాలి, ఎందుకంటే తేడా అంతా చిన్న చిన్న విషయాల్లో ఉంది. సోఫా వద్దు, అది లోతు ఎక్కువ, ఎత్తు తక్కువ. చేతులున్న గట్టి కుర్చీని గోడకు ఆనించి పెట్టాలి. ముందుగా పిరుదులు కుర్చీ అంచుకు జరగాలి. పాదాలు మోకాళ్ల కంటే కొంచెం వెనక్కి రావాలి. ఒళ్లు ముందుకు వంగాలి, ఎంతగా అంటే ముక్కు కాలి బొటనవేళ్లకు సూటిగా పైకి వచ్చేంత. అప్పుడు లేవాలి. కొత్తగా లేచేవాళ్లు ఈ వంగడానికే భయపడతారు, ముందుకు పడిపోతామేమోనని వెనక్కి వాలి లేవబోతారు. అలా ఎవరూ లేవలేరు, ఆరోగ్యంగా ఉన్నవాళ్లు కూడా. లేచాక ధబ్బున కూలబడకుండా, మూడు లెక్కపెడుతూ మెల్లగా కూర్చోవాలి. ఆ దిగడంలోనే తొడకు అసలు పని. ఒకేసారి ముప్పై చేయాల్సిన పనిలేదు. ఐదైదు చొప్పున రోజులో నాలుగైదు విడతలు చేసినా చాలు. తేలికైతే చేతుల ఆసరా తగ్గించడం, ఆ తర్వాత ఇంకాస్త తక్కువ ఎత్తు కుర్చీ.

పక్కనున్నవాళ్లు సాయం చేసే పద్ధతే చాలాసార్లు అడ్డుపడుతుంది. చంకల్లో చేతులు వేసి పైకి లాగుతారు. అలా లేపితే కాళ్లకు ఏ పనీ ఉండదు, పైగా భుజం కీలు దెబ్బతింటుంది, పక్షవాతం వచ్చిన వైపైతే మరీను. నడుముకు గట్టి బెల్టు కట్టి అక్కడ పట్టుకోవాలి, పడబోతే ఆపడానికే తప్ప లేపడానికి కాదు.

వయసు మీద పడ్డాక ఇవన్నీ ఏం పనిచేస్తాయన్న సందేహానికి 1990 నుంచే జవాబుంది. బోస్టన్‌లో ఒక వృద్ధుల ఆశ్రమంలో 90 ఏళ్లకు అటూఇటూ ఉన్న పదిమందికి 8 వారాలు బరువులతో తొడ వ్యాయామం చేయిస్తే, వాళ్ల బలం రెట్టింపు దాటింది. 1994లో అదే బృందం సగటున 87 ఏళ్లున్న 100 మందితో ఇంకా పెద్ద పరీక్ష చేసింది. వ్యాయామం చేసినవాళ్ల బలం మళ్లీ రెట్టింపు దాటింది. వ్యాయామం లేకుండా పోషకాల డ్రింకు మాత్రమే తాగినవాళ్లలో చెప్పుకోదగ్గ మార్పు లేదు. మంచం పక్కన ఖరీదైన ప్రోటీన్ డబ్బా పెట్టుకుని, మంచం మాత్రం దిగని ఇళ్లు ఈ ఫలితాన్ని గమనించాలి.

పత్యం లెక్క

అలాగని తిండి పట్టించుకోనక్కర్లేదని కాదు. కట్టడానికి ఇటుకలుండాలి. లంఖణం పరమౌషధం అన్న మాట అజీర్తికి సరిపోతుందేమో కానీ, కండ పోయిన మనిషికి సరిపోదు. పొద్దున మూడు ఇడ్లీలు, మధ్యాహ్నం చారన్నం, పల్చటి మజ్జిగ, రాత్రి మళ్లీ ఇడ్లీ. ఆపరేషన్ అయినవాళ్లకు చాలా ఇళ్లలో నడిచే పత్యం ఇదే. ఇందులో ప్రోటీన్ పాతిక గ్రాములు దాటడం కష్టం.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫార్సు ప్రకారం ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకే రోజుకు కిలో బరువుకు 0.83 గ్రాములు కావాలి. జబ్బు నుంచి కోలుకుంటున్న వృద్ధులకు 1.2 నుంచి 1.5 గ్రాములని నిపుణుల సూచన. అంటే 60 కిలోల మనిషికి 72 నుంచి 90 గ్రాములు. గుడ్డులో 6, గ్లాసు పాలలో 6 లేదా 7, వంద గ్రాముల పచ్చి కందిపప్పులో 20కి పైగా ఉంటాయి. ముద్దపప్పు, పెసరట్టు, గట్టి పెరుగు, గుడ్లు, తినేవాళ్లకు చేప. చారన్నం స్థానంలో ఇవి వస్తే లెక్క చాలావరకు కుదురుతుంది. కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్‌ను అడగకుండా ప్రోటీన్ పెంచకూడదు.

తొందరపడితే?

మంచం చెడ్డదని తెలిసిన ఉత్సాహంలో వైద్యరంగం కూడా కొన్నిసార్లు అతిగా వెళ్లి వెనక్కొచ్చింది. 2009లో ఐసీయూ రోగులతో మత్తు ఆపిన సమయాల్లోనే కదలికలు మొదలుపెట్టిస్తే, సొంత పనులు చేసుకోగలిగే స్థితిలో డిశ్చార్జి అయినవాళ్లు 59 శాతం. మామూలు పద్ధతిలో 35 శాతమే. అయితే 2022లో అంతకంటే ఎక్కువ మోతాదులో కదిలించి చూసిన ఇంకో పెద్ద ట్రయల్‌లో అదనపు మేలేమీ కనిపించలేదు, ఇబ్బందులు పెరిగాయి. పక్షవాతం వచ్చిన 24 గంటల్లోపే ఎక్కువసేపు లేపి కూర్చోబెట్టి, నడిపించిన 2,100 మంది ట్రయల్ ఫలితం 2015లో వచ్చింది. అలా చేసినవాళ్లే తక్కువగా కోలుకున్నారు. త్వరగా మొదలుపెట్టడం వేరు, ఒకేసారి ఎక్కువ చేయడం వేరు. పక్షవాతంలో మొదటి రోజు కొద్దికొద్దిగా, తక్కువసేపు చాలు. మోకాలి మార్పిడి చేసినవాళ్లనైతే అదే రోజో మర్నాడో నడిపించేస్తారు.

ఇంట్లో మోతాదు తెలుసుకోవడానికి మోటు కొలతే చాలు. వ్యాయామం చేస్తూ రెండు మాటలు మాట్లాడగలగాలి, పాట పాడేంత తేలిగ్గా మాత్రం ఉండకూడదు. మర్నాడు ఒళ్లు నొప్పులుంటే మామూలే. మర్నాడంతా లేవలేకపోతే ముందురోజు ఎక్కువైందని అర్థం. ఛాతీలో నొప్పి, ఉన్నట్టుండి ఆయాసం, స్పృహ తప్పినట్టు అనిపించడం వస్తే ఆపేసి ఆసుపత్రికి వెళ్లాలి.

చెన్నైలో దొరికేది, దారిలో తప్పిపోయేది

ఆసుపత్రిలో ఫిజియో ఒక రోగి దగ్గర గడిపే సమయం తక్కువ. అందులో కొంత భాషకే పోతుంది. "కాలై నీట్టుంగ, మడక్కుంగ" అంటే చాపమని, మడవమని నెల్లూరు పెద్దమ్మకు రెండో రోజుకు గానీ అర్థం కాదు. అర్థమయ్యేసరికి డిశ్చార్జి. ఆ వ్యాయామాలను కొడుకో కోడలో ఫోన్‌లో వీడియో తీసుకుని పెట్టుకుంటే ఊరెళ్లాక ఫిజియోకు చూపించడానికైనా పనికొస్తుంది.

అసలు ఖాళీ డిశ్చార్జి తర్వాతే. ఆపరేషన్ చెన్నైలో, కోలుకోవడం గూడూరులోనో కావలిలోనో. తమిళనాడులో 2021 ఆగస్టు 5న మొదలైన 'మక్కళై తేడి మరుత్తువం' పథకం కింద బీపీ, షుగర్ మందులతో పాటు ఫిజియోథెరపీ కూడా ఇంటికే వస్తుంది. దాన్ని ప్రారంభించిన సామనపల్లి కూడా తెలుగువాళ్లు బాగా ఉన్న కృష్ణగిరి జిల్లాలోదే. చెన్నైలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఇది ఉపయోగపడుతుంది, ఆపరేషన్‌కి వచ్చి పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కి వెళ్లిపోయేవాళ్లకు కాదు. ఎక్కువ కాలం శిక్షణ కావాల్సిన వెన్నుపాము, పక్షవాతం కేసులకు కేకే నగర్‌లో ప్రభుత్వ పునరావాస వైద్య సంస్థ ఉంది. చిత్తూరు వైపువాళ్లకు వెల్లూరు దగ్గర. అక్కడి సీఎంసీ పునరావాస కేంద్రం డల్లాస్ ప్రయోగం జరిగిన 1966లోనే మొదలైంది. దాన్ని నడిపించిన డాక్టర్ మేరీ వర్గీస్ 1954లో జరిగిన ప్రమాదంలో రెండు కాళ్లూ చచ్చుబడి, చక్రాల కుర్చీలోనే ఆపరేషన్లు చేసిన సర్జన్. ప్రైవేటు ఇన్సూరెన్స్ ఉన్నవాళ్లు పాలసీ తిరగేయడం మంచిది. చాలా పాలసీల్లో డిశ్చార్జి తర్వాత 60 లేదా 90 రోజుల ఖర్చులు వస్తాయి, డాక్టర్ రాసిస్తే ఫిజియో ఫీజును కూడా అందులో అడగవచ్చు.

ఇంటికి చేరాక మెట్లు ఇంకో గండం. లిఫ్టు లేని పాత ఫ్లాట్లలో మొదటి అంతస్తే కొండ. ఎక్కేటప్పుడు బలంగా ఉన్న కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి ఉన్న కాలు ముందు. నేల మీద కూర్చోవడం, నేల టాయిలెట్ వాడటం ఆఖరున వచ్చే మెట్లు, వాటికి వారాలు పట్టినా కంగారు పడక్కర్లేదు.

పోయినంత వేగంగా బలం తిరిగి రాదు. కుర్రాళ్లకు వారాలు, పెద్దవాళ్లకు నెలలు. అందుకే రౌండ్లకు బదులు సెకన్లు రాసుకోవడం నయం. చేతులు ఛాతీ మీద కట్టుకుని, కుర్చీలోంచి వరసగా ఐదుసార్లు లేచి కూర్చోవడానికి ఎంతసేపు పట్టిందో వారానికి ఒకసారి చూసి క్యాలెండర్ మీద వేయాలి. మన ఆసియా వాళ్లకు 2019లో పెట్టుకున్న గీత 12 సెకన్లు. అంతకు తక్కువలో ముగిస్తే కాళ్లు దారిలో పడ్డట్టే. తొలివారం 30 పట్టినా, అసలు లేవలేకపోయినా ఫర్వాలేదు, తగ్గుతూ ఉంటే చాలు. తింటున్నారు, వ్యాయామం చేస్తున్నారు, అయినా మూడు వారాలుగా ఆ అంకె కదలడం లేదంటే మాత్రం మళ్లీ డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. అప్పుడు చూడాల్సింది రక్తహీనత, థైరాయిడ్, విటమిన్ డి, ఇంకా ఎవరూ అడగని దిగులు.